"సాంకేతిక సార్వభౌమత్వం" కంటే తేలికైన మాట ఉందా?

పెద్దలకు నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో అనువాదాలు చేస్తుంటాను. తెలుగు జిల్లాల సహకార బ్యాంకులకు పంపే కరపత్రంలో "టెక్నలాజికల్ సావరిన్టీ"ని "సాంకేతిక సార్వభౌమత్వం" అని రాశాను. మా మేనేజర్‌ది చిత్తూరు. చదివి, "ఏందమ్మా ఇది, శ్రీనాథుడి బిరుదు మాదిరి ఉంది" అన్నారు.

నిజమే. సర్వభూమికీ ప్రభువైతే సార్వభౌముడు. ఉత్తర దిక్కు దిగ్గజం పేరు కూడా సార్వభౌమమే. ఆ మాటలోనే లోకమంతా ఏలాలన్న ఊపుంది. నేను చెప్పాల్సింది అది కాదు. మన లావాదేవీని ఇంకెవరో మధ్యలో ఆపేయలేరు అని, అంతే.

పోనీ "స్వావలంబన" అందామా అంటే అది వేరే సంగతి. 1992లో అమెరికా ఆంక్షలు పెట్టాక రష్యా నుంచి క్రయోజెనిక్ ఇంజిన్లు (అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజిన్లు) వచ్చాయిగానీ, వాటిని చేసే విద్య రాలేదు. ఇస్రో తంటాలు పడి, 2014 జనవరి 5న సొంత క్రయోజెనిక్ దశతో జీఎస్ఎల్‌వీ రాకెట్‌ను ఎగరేసింది. అది స్వావలంబన. చమురు శుద్ధి చేసే నయారా ఎనర్జీ కంపెనీ సంగతి అలా కాదు. 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టగానే ఆ కంపెనీకి మైక్రోసాఫ్ట్ సేవలు నిలిచిపోయాయి. ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక తిరిగి వచ్చాయి. చమురు శుద్ధి చేసుకునేవాళ్లు ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ సొంతంగా రాసుకోనక్కర్లేదు కదా! ఒకరు ఆపితే ఇంకో చోటికి మారే వీలుంటే చాలు. ఆ వీలుకు మాటేది?

జయనగర్ మాస్టారు:
రాజ్యాంగ పీఠిక తెలుగులో "సర్వసత్తాక" అని ఉంది. కన్నడంలో "సార్వభౌమ" అనే ఉంచారు. సత్తా అంటే సంస్కృతంలో ఉనికి, మన వాడుకలో దమ్ము. అయితే అది దేశానికి నప్పుతుంది, కంపెనీకి ఎక్కువ. "స్వాధీనత" అని రాయమ్మా. పరాధీనం అందరికీ తెలిసిన మాటే, దానికి ఎదురుమాట ఇదే.

నేను:
మాస్టారూ, స్వాధీనం అనగానే అప్పు కట్టనివాళ్ల ట్రాక్టర్ గుర్తొస్తుందండీ. బ్యాంకులకు వెళ్లే కాగితంలో అదొద్దు!

కేఆర్ పురం నుంచి ఒకరు:
"పెత్తనం" ఎలా ఉంటుంది? అచ్చ తెలుగు.

నేను:
పెత్తనం ఎప్పుడూ ఇంకొకరి మీద చేసేదే కదండీ. మనమీద మనం చేసుకోం.

క్లౌడ్ (అద్దె సర్వర్ల) కంపెనీ ఉద్యోగి ఒకాయన:
మాట సంగతి పక్కన పెట్టండి. సర్వర్ ముంబైలో ఉంది కాబట్టి డేటా మనదే అని ఆ కరపత్రంలో రాస్తే మాత్రం తప్పు. అమెరికా 2018లో చేసిన క్లౌడ్ చట్టం ప్రకారం, అక్కడి కంపెనీ చేతిలో ఉన్న డేటా ఏ దేశంలో ఉన్నా వారెంటు ఇచ్చి అడగొచ్చు. మా అమ్మమ్మ "ఎరువు సొమ్ము బరువు చేటు" అనేది. ఈ ఎరువు పొలంలో వేసేది కాదు. వాడుకుని తిరిగి ఇచ్చేయాల్సిన వస్తువు, పెళ్లికని పక్కింట్లో అడిగి తెచ్చుకున్న నగలాంటిది. క్లౌడ్‌కు ఇంతకంటే మంచి తెలుగు మాట నాకు దొరకలేదు.

జయనగర్ మాస్టారు:
భేష్. ఎరవు అని కూడా అంటారు. ఈ అర్థం మర్చిపోయి ఎన్నాళ్లయిందో! "ఎరవు కాని సాంకేతికత" అంటే?

నేను:
బాగుంది మాస్టారూ, కానీ చదివినవాళ్లు యూరియా కంపెనీ అనుకుంటారేమో. చివరికి "ఎవరూ ఆపలేని, ఎప్పుడైనా మార్చుకోగల సాంకేతికత" అని రాసి పంపాను. మేనేజర్‌కి నచ్చింది. డిజైన్ చేసే అబ్బాయికి నచ్చలేదు, ఆ పెట్టెలో పట్టదట. అందుకని శీర్షికలో సార్వభౌమత్వమే ఉండిపోయింది. నా వాక్యం దాని కింద చిన్న అక్షరాల్లో వస్తోంది.