ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో చిన్నపిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు వాడాలా, మానాలా?

రాజురా తల్లి:
మాది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో ఒక పల్లె. తాగడానికీ వండడానికీ బోరు నీళ్లే ఆధారం. తొమ్మిదేళ్ల మా అబ్బాయివి గార పళ్లు. నాలుగేళ్ల అమ్మాయికి పాల దవడ పళ్లు రెండు పుచ్చిపోయాయి. పళ్ల డాక్టరు గారు ఇద్దరికీ ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడమన్నారు. మా అత్తగారు మాత్రం, నీళ్లలో ఉన్నది చాలక పేస్టుతో కూడా తినిపిస్తావా అని అడ్డుపడుతున్నారు. ఎవరి మాట వినాలి?

పాండర్‌కవడా తండ్రి:
అమ్మా, మీ అత్తగారి మాటే వినండి. మా యవత్మాళ్ జిల్లాలోనూ ఇదే గోస. ఫ్లోరోసిస్ అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు గార మచ్చలు తెచ్చి, ఎముకలను కూడా పాడుచేసే జబ్బు. జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం 2008–09లో మొదలైనప్పటి నుంచి చెబుతున్నది ఒంట్లోకి చేరే ఫ్లోరైడును తగ్గించమనే కదా. నాలుగేళ్ల పిల్లకు పుక్కిలించి ఉమ్మడం సరిగా రాదు. పైగా పిల్లల పేస్టులకు పండ్ల రుచి కలిపి అమ్ముతారు కనుక వాళ్లు దాన్ని చప్పరించి మింగుతారు. ఇంకొక మాట, ఫ్లోరైడ్ పంటిని కాపాడేదే అయితే ఇంత ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పాపకు పళ్లెందుకు పుచ్చాయి?

బల్లార్షా ఉపాధ్యాయిని:
పాండర్‌కవడా వారి ఆందోళన న్యాయమైనదే కానీ, లెక్క వేసి చూస్తే తప్పు ఎక్కడున్నదో తెలుస్తుంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. మీ బోరులో 3 ఉందనుకుందాం. పాప రోజుకు ఒక లీటరు తాగినా 3 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి, అన్నం, పప్పు ఉడికిన నీళ్లు దానికి అదనం, చంద్రపూర్ ఎండలు 45 డిగ్రీలు దాటే నెలల్లో తాగేది ఇంకా పెరుగుతుంది. ఇక 1000 పీపీఎం పేస్టులో గ్రాముకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటుంది. బఠాణీ గింజంత పేస్టు పావు గ్రాము అనుకుంటే, రెండు పూటలా పాప మొత్తం మింగేసినా చేరేది అర మిల్లీగ్రాము. బియ్యపు గింజంత పెడితే అందులో సగం కూడా ఉండదు. అంటే మనం చిన్న గండిని పూడుస్తూ పెద్ద గండిని వదిలేస్తున్నాం.

పళ్లెందుకు పుచ్చాయన్న ప్రశ్నకు జవాబు కష్టమేమీ కాదు. ఫ్లోరైడ్ పుచ్చును తగ్గిస్తుందే తప్ప, రోజంతా బిస్కెట్లు నములుతూ రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకొని నిద్రపోయే పిల్లకు అది కవచం కాదు (మీ పాప అలా చేస్తుందని నేను అనడం లేదు). ఫ్లోరోసిస్ ముదిరిన పళ్ల ఎనామెల్ (పంటి గట్టి పైపొర) గుంతలు పడి మరింత తొందరగా పాడవుతుంది కూడా. గార మచ్చలు ఏర్పడేది చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో. జ్ఞానదంతాలు తప్ప మిగిలిన పళ్ల పైభాగాలు దాదాపు ఎనిమిదేళ్లకే తయారైపోతాయి. అందువల్ల మీ అబ్బాయి విషయంలో చర్చే అనవసరం, పేస్టు నిస్సంకోచంగా వాడించి ఉమ్మించండి.

సిరొంచ వాసి:
మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని మా దగ్గర చాలామంది నమ్ముతారు. పోదు, నీరు ఆవిరై మిగిలినది ఇంకా చిక్కనవుతుంది.

పాండర్‌కవడా తండ్రి:
టీచరమ్మా, మీ లెక్కను కాదనను. అయితే పరిమితి దాటిన పిల్లకు అర మిల్లీగ్రాము కూడా ఎక్కువే కదా? నీళ్లు మార్చడం నా చేతిలో లేదు, పేస్టు మార్చడం ఉంది. ఆర్‌వో యంత్రం పెట్టినా పాప మధ్యాహ్నం దాకా అంగన్‌వాడీలో అదే బోరు నీళ్లు తాగుతుంది.

బల్లార్షా ఉపాధ్యాయిని:
ఆ అంగన్‌వాడీ నీళ్ల గురించే పంచాయతీని నిలదీయాలి. పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే నల్గొండ పద్ధతిని రూపొందించిన నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధనా సంస్థ) ఉన్నది మన విదర్భలోని నాగపూర్‌లోనే. అయినా మన ఊళ్లలో పేస్టు గురించి జరిగినంత వాదన నీళ్ల గురించి జరగదు. పాప పళ్లు ఇప్పటికే పుచ్చుతున్నాయి కాబట్టి పేస్టు మాన్పించడం నాకు సమ్మతం కాదు. కానీ మీ బోరు నీళ్లు పరీక్ష చేయించి ఫలితం తెలిసేవరకు బియ్యపు గింజంతకు మించి పెట్టకండి, అది కూడా తల్లి చేత్తోనే తోమించాలి.

రాజురా తల్లి:
ధన్యవాదాలు. మా నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో ఇంతవరకు ఎవరూ కొలవలేదు. పరీక్షకు ఎక్కడ ఇవ్వాలి?

బల్లార్షా ఉపాధ్యాయిని:
జిల్లాలోని భూజల సర్వేక్షణ విభాగం ప్రయోగశాలలో ఇవ్వండి. గాజు సీసాలో వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టండి, పట్టేముందు కాసేపు బోరును పారనివ్వండి. అంగన్‌వాడీ బోరు నీళ్లు వేరే సీసాలో తీసుకెళ్లండి.