అప్‌డేట్: భామరాగడ్‌లో మొదటి డ్యూటీ అయిపోయింది

కొత్త ఉద్యోగంలో సోలార్ పంపుల సర్వీసింగ్‌కి బల్లార్షా నుంచి వానాకాలంలో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని భామరాగడ్ వెళ్లమన్నారు, దారేంటి, మలేరియా మాత్రలు ముందే వేసుకోవాలా అని అడిగాను కదా. వెళ్లొచ్చాను. సలహా ఇచ్చిన అన్నలకు, అక్కలకు థాంక్స్.

అన్నిటికంటే పనికొచ్చింది "పర్లకోట నది సంగతి కనుక్కున్నాకే కదులు" అన్న మాట. ఆలపల్లి నుంచి భామరాగడ్ సుమారు 65 కిలోమీటర్లు. నది పొంగితే ఊరికి దారి తెగిపోతుంది. అహేరి డిపోలో అడిగితే ఆ రోజు బస్సు నదికి ఇవతల ఉన్న హేమల్‌కసా వరకే అన్నారు. సరే, అక్కడే ఆగాను. మర్నాడు నీళ్లు తీశాయి గానీ వంతెన నిండా బురద, మధ్యలో ఇరుక్కున్న వెదురు కంప. జేసీబీ వచ్చి లాగేదాకా బైకు కూడా కదల్లేదు.

మాత్రల విషయం డాక్టర్‌ని అడిగాను. డాక్సీసైక్లిన్ రాశారు: బయల్దేరడానికి 2 రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 4 వారాలు వాడాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు కాబట్టి మీ డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకండి. ఒకరు చెప్పిన క్లోరోక్విన్ వద్దన్నారు, ఫాల్సిపేరమ్ రకం మలేరియా దానికి లొంగదట. మాత్ర వేసుకున్నా దోమతెర తప్పదు, జ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష.

భాష గురించి పడ్డ టెన్షన్ దండగ. అహేరి దాకా తెలుగే నడిచింది, లోపల ఊళ్లలో అక్కడి గిరిజనుల భాష మాడియా మాట్లాడే హెల్పర్ ఉన్నాడు. పవర్ బ్యాంకు మాత్రం మర్చిపోకండి.