‘కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు’ అని ఆగిపోయిన వార్తల సంగతి తర్వాత ఎట్ల తెలుసుకోవాలె?

పేపర్ ఏజెంట్, భీమారం

అందరికి నమస్తే. హన్మకొండ దాటినంక కరీంనగర్ రోడ్డు మీద భీమారం నుంచి హసన్‌పర్తి దాక పేపర్లు వేయించే ఏజెంటును నేను. పందొమ్మిదేండ్ల సంది ఇదే పని. తెల్లారగట్ల మూడున్నరకు కట్టలు దిగుతయి. మెయిన్ పేపర్ల జిల్లా పేపర్ పెట్టుకుంట కూసుంటం, అప్పుడే జిల్లా పేజీలు కండ్లవడుతయి.

2025 సంక్రాంతికి ఒక పని మొదలువెట్టిన. మా దిక్కు జరిగిన నేరాలు, ప్రమాదాల వార్తలు కత్తిరించి పాత లెడ్జర్ బుక్కుల అతికించుడు. ఎందుకంటే గేట్ల కాడ మంది నన్నే అడుగుతరు, ‘ఆ దొంగలు దొరికిన్రా? ఆ పిలగాన్ని గుద్దిన లారోడు ఏమైండు?’ అని. పేపర్ తెచ్చేటోనికి అన్నీ ఎరుకుంటయని వాళ్ల నమ్మకం. నాకు ఏమీ ఎరుకలేదు.

ఏడాది నిండినంక బుక్కు మొదటి నుంచి చదివిన. మా దిక్కు అటు ఊరు కాదు, ఇటు పట్నం కాదు. పొలాలున్నయి, పక్కనే ప్లాట్లున్నయి, హాస్టళ్లున్నయి. నేరాలు సుత గట్లనే కాలం పట్టుకొని వస్తయి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న కాడికి, కొత్తకొండకు పోయినోళ్ల ఇండ్ల తాళాలు పలుగుతయి. పెండ్లిళ్ల దినాలల్ల ఫంక్షన్ హాళ్ల కాడ హ్యాండ్‌బ్యాగులు పోతయి. ఎండకాలం డాబా మీద పండుకున్నోళ్లు పొద్దుగాల దిగి చూసేసరికి కింద బీరువా తెరిచి ఉంటది. మిరుగు కార్తె ముంగట నకిలీ పత్తి విత్తనాలు, నాట్లప్పుడు బావుల కాడి మోటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ పలగ్గొట్టి రాగి తీగ. దసరాకు మల్ల తాళాలు. గంజాయి, రేషన్ బియ్యం, చిట్టీల మోసాలు, ఫోన్ల మోసాలు ఏడాది పొడుగుత ఉన్నయి.

నవంబర్ పేజీలు వేరే ఉంటయి. వడ్లు కోసి రోడ్డు మీద ఆరబోస్తరు. రాత్రి నల్ల కవరు కప్పి, లేవకుండ చుట్టూ బండరాళ్లు పెడుతరు. బండి మీద వచ్చేటోనికి చీకట్ల అది కనవడది. గట్ల పోయినోళ్లల్ల ఒక పిలగాడు నా దగ్గర రెండేండ్లు పేపర్ వేసినోడే. డిగ్రీ ఫీజు కోసం వేసేటోడు. ఆ ముక్క కత్తిరిచ్చి పెట్టుకున్న గని రెండు రోజుల దాక అతికించ బుద్ధి కాలేదు. ఆ వార్త ఆఖరి లైను కూడ అదే: ‘కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నట్లు ఎస్సై తెలిపారు.’

బుక్కుల తొంబై పాళ్లు గా లైనుతోనే ఆగినయి. దాని తర్వాత ముచ్చట నేను ఏ పేజీల చూడలే.

ఇప్పుడు అసలు సంగతి. మా లైన్ల ఒక పెద్దమ్మ ఉన్నది. పోయిన ఏప్రిల్‌ల పొద్దుగాల వాకిట్ల సాంపి చల్లుతాంటే బండి మీద ఇద్దరు వచ్చిన్రు. ఎవలదో ఇల్లు అడిగినట్టు చేసి మెడల పుస్తెలతాడు తెంపుకపోయిన్రు. మెడ మీద పడ్డ గీత ఇంక ఉన్నది. మరునాడు ఏడు లైన్ల వార్త, ‘మూడు తులాల బంగారు గొలుసు’ అని. పెద్దమ్మ నాతోని రెండు సార్లు చదివిపిచ్చుకొని, “మూడు కాదు బిడ్డా, రెండున్నరే. ఎక్కువ చెప్పిన్నని పోలీసోళ్లు అనుకుంటరేమో” అని రంది పడ్డది.

ఆగస్టుల ఒక ఫోటో వచ్చింది. ముగ్గురు ముసుగులతోని నిలబడ్డరు. ముంగట టేబుల్ మీద గుడ్డ పరిచి గొలుసులు పెట్టిన్రు. వాళ్లు చేసిన జాగల్ల మా ఏరియా పేరు సుత రాసిన్రు. పెద్దమ్మ అద్దాలు పెట్టుకొని పేపర్‌ను కిటికి కాడికి పట్టుకపోయింది. నాలుగో గొలుసు మీద గోరు పెట్టి “ఇది నాదే కావచ్చు” అన్నది. పేపర్‌ల అది దారప్పోగంత ఉన్నది. ఏమని చెప్పాలె?

పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకొని తిరుగుతాంది. ముసలాయన మంచంల ఉన్నడు. రెండు సార్లు స్టేషన్‌కు పోతే సారు లేడని పంపిచ్చిన్రట. ఇగ పోనన్నది. రోజు పొద్దుగాల పేపర్ ఇస్తాంటే అడుగుతది, “నా ముచ్చట ఏమన్న అచ్చిందా బిడ్డా?”

దొరికిన సొమ్ము మనదో కాదో ఎట్ల తెలుస్తది? కేసు ఎక్కడిదాక వచ్చిందో సామాన్యులు చూసుకునే తొవ్వ ఉన్నదా? ఇంకొకటి, ఈ బుక్కు పేజీలు ఫోటోలు తీసి మా కాలనీ గ్రూపుల పెడుదామనుకుంటున్న. మంది జాగ్రత్తపడుతరు కదా అని. మీరేమంటరు?

గుమాస్తా, అదాలత్

అన్నా, నేను హన్మకొండ అదాలత్ కాడ ఒక వకీలు సాబ్ దగ్గర పని చేస్త. మీ పెద్దమ్మకు తొవ్వ ఉన్నది.

మొదలు క్రైమ్ నంబర్, అంటే ఎఫ్‌ఐఆర్ నంబర్ కావాలె. వార్త ముక్కతోని పనిగాదు. ఫిర్యాదు ఇచ్చినోళ్లకు ఎఫ్‌ఐఆర్ కాపీ పైస తీసుకోకుండ ఇయ్యాలె. 2024 జూలై 1 సంది కొత్త చట్టాలు నడుస్తున్నయి. నేరాలు, శిక్షలకు ఐపీసీ పోయి బీఎన్‌ఎస్ వచ్చింది, పోలీసు, కోర్టు పద్ధతులకు సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్‌ల ఇది రాసి ఉన్నది. కాపీ పోయినా భయం లేదు, తెలంగాణ పోలీసు వెబ్‌సైట్ల స్టేషన్, సంవత్సరం కొడితే చూడొచ్చు. ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటలల్ల వెబ్‌సైట్ల పెట్టాలని 2016ల సుప్రీంకోర్టు చెప్పింది. లైంగిక నేరాలు, పిల్లల మీద జరిగే లైంగిక నేరాల పోక్సో అసొంటి కేసులు మాత్రం పెట్టరు.

గొలుసు తెంపుకపోవుడుకు ఇప్పుడు వేరే సెక్షన్ ఉన్నది, బీఎన్‌ఎస్ 304. మూడేండ్ల దాక శిక్ష. ఐపీసీల దీనికి సపరేటు సెక్షన్ లేకుండె. ఎఫ్‌ఐఆర్‌ల ఏ సెక్షన్ పడ్డదో చూడున్రి.

దర్యాప్తు ఎంత దాక వచ్చిందో ఫిర్యాదుదారుకు 90 రోజులల్ల చెప్పాలె, బీఎన్‌ఎస్‌ఎస్ 193వ సెక్షన్. ఫోన్ మెసేజ్ పంపినా సరే. పెద్దమ్మ ఫోన్ నంబర్ ఫిర్యాదుల ఎవలది రాసిన్రో అడుగు. చాలమంది కొడుకుదో, అల్లునిదో రాపిస్తరు. మెసేజ్ వాళ్లకు పోతది, వాళ్లు చూడరు.

ఛార్జిషీట్ కోర్టుకు వచ్చి సీసీ నంబర్, అంటే కోర్టు కేసు నంబర్ పడితేనే ఈ-కోర్ట్స్ అనే కోర్టుల వెబ్‌సైట్ల కనవడుతది. అందుల ఎఫ్‌ఐఆర్ నంబర్‌తోని వెతికే ఆప్షన్ ఉన్నది. దొరికితే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ రాసుకో. దానితోని ప్రతి వాయిదా ఫోన్‌లనే చూసుకోవచ్చు.

సొమ్ము సంగతి. రికవరీ అయినయి పోలీసోళ్లు కోర్టుల చూపెట్టాలె. కేసు తీర్పు అయ్యేదాక ఆగనవసరం లేదు, మధ్యల ఇప్పియ్యమని పిటిషన్ వేయొచ్చు. నగలను ఏండ్లకేండ్లు స్టేషన్ల పెట్టొద్దు, ఫోటో తీసి, పంచనామా చేసి, పూచీకత్తు మీద ఇయ్యున్రి అని 2002లనే సుప్రీంకోర్టు అన్నది. బీఎన్‌ఎస్‌ఎస్ 497వ సెక్షన్‌ల గడువు సుత పెట్టిన్రు. సొమ్ము కోర్టు ముందరికి వచ్చినంక 14 రోజులల్ల దాని వివరాలు రాయాలె, అక్కడి నుంచి 30 రోజులల్ల ఏం చేయాలో ఉత్తర్వు ఇయ్యాలె.

ఒక్కటే కష్టం. దొంగలు గొలుసును కరిగిచ్చి ముద్ద చేసి అమ్ముతే, ఎవలిది ఎంతో తేల్చుడు తిప్పలైతది. పేపర్ మూడు తులాలు రాసినా రంది వద్దని చెప్పు. ఎఫ్‌ఐఆర్‌ల రెండున్నర ఉంటే చాలు.

మాజీ మండల విలేకరి, పరకాల దిక్కు

ఏజెంటు తమ్మీ, నీ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన వాళ్లలో నేనూ ఒకణ్ని. ఇరవై రెండేళ్లు మండల కంట్రిబ్యూటర్‌గా రాసిన.

1989లో ఈనాడు జిల్లా పేపర్లు మొదలుపెట్టింది, తర్వాత మిగతా పేపర్లూ అదే తొవ్వ పట్టినయి. అంతకు ముందు ఊళ్లో మోటర్ పోతే పేపర్‌లో వచ్చుడు కల. అది మంచే జరిగింది. కానీ మాకు పైసల లెక్క అచ్చయిన లైన్ల మీద. ఆ రోజు సంఘటనకు పేజీలో జాగ ఉంటది. ఎనిమిది నెలల కింద పోయిన గొలుసుకు ఛార్జిషీట్ పడ్డదని రాస్తే డెస్కులో తీసి పక్కన పెడతరు. నేను రాసి చూసిన. నాలుగుసార్లు పంపితే ఒక్కసారి వచ్చింది.

ఇంకో సంగతి. ఇప్పుడు చాలా క్రైమ్ వార్తలు స్టేషన్ నుంచి వాట్సాప్ గ్రూపులో వచ్చే ప్రెస్‌నోట్లే. నీ బుక్కు తెరిచి చూడు. ‘వాహన తనిఖీలు చేస్తుండగా అనుమానాస్పదంగా కనిపించిన’ అని ఎన్నిసార్లు వచ్చిందో. పోలీసులు చెప్పాలనుకున్న రోజున వార్త పుడుతది. వాళ్లు చెప్పకుంటే లేదు. డిసెంబర్ చివర కమిషనరేట్‌లో ఏడాది నేరాల లెక్క చెప్తరు, అది పూర్తిగా అచ్చయితది. అందులో రికవరీ శాతం ఉంటది కానీ, ఆ శాతంలో మీ పెద్దమ్మ ఉన్నదా లేదా అని ఉండదు.

పెద్ద కేసైతే చివరిదాక పోతం. 2020 మేలో గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు తేలినయి. ఆ కేసు వెంట అందరం రోజూ తిరిగినం. అదే ఏడాది అక్టోబర్‌లో వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసిన దినం దాక ప్రతి అడుగూ జనానికి తెలిసింది. వడ్ల కుప్ప తగిలి పోయిన నీ పిలగాని కేసు ఏమైందో ఆ ఊరి సర్పంచుకైనా తెలుసో లేదో. వాళ్ల ఇంటోళ్లు పరిహారం కోసం మోటార్ యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌లో కేసు వేసిన్రా? లేకుంటే ఒక వకీలును అడగమని చెప్పు. ఆ గడువు దాటనీయొద్దు.

రాంనగర్ తమ్ముడు

సెల్‌ఫోన్ల ముచ్చట ఒక్కటి నయమన్నా. నాది ఎంజీఎం దవాఖాన కాడ పోయింది. పోయిన ఫోన్లను బ్లాక్ చేసే సర్కారు సీఈఐఆర్ పోర్టల్‌ల ఫోన్ ఐఎంఈఐ నంబర్ కొట్టి బ్లాక్ చేయించిన, కొన్ని నెలలకు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, పోయి తెచ్చుకున్న. ఆన్‌లైన్‌ల పైసలు పోతే మాత్రం ఎవల కోసం చూడొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ కొట్టాలె. మీ గ్రూపుల ఈ నంబర్ పెట్టు.

మడికొండ ఆడిబిడ్డ

అన్నా, బుక్కు పేజీలు గ్రూపుల పెట్టకు. చేతులు జోడిచ్చి చెప్తున్న.

మా తమ్మునిది ఒక కొట్లాట కేసు. బోరు నీళ్ల కాడ మాట మాట పెరిగింది, ఒకనికి దెబ్బ తాకింది. మరునాడు పేపర్‌ల మా తమ్ముని పేరు, నాయిన పేరు, ఊరు పేరు అన్నీ అచ్చైనయి. ఏడు నెలలకు లోక్ అదాలత్‌ల ఇద్దరు రాజీ పడ్డరు, కేసు కొట్టేసిన్రు. ఇప్పుడు ఆ రెండు ఇండ్లోళ్లు ఒకల పెండ్లికి ఒకలు పోతరు. రాజీ అయిన ముచ్చట ఏ పేపరోడు రాయలే. మూడేండ్లకు తమ్మునికి సంబంధం చూస్తే, పిల్ల మేనమామ ఫోన్ తీసి ఆ వార్త ఫోటో చూపెట్టిండు. ఎవలో ఏదో గ్రూపుల పెట్టింది తిరిగి తిరిగి ఆయన దగ్గరికి వచ్చింది. మా నాయిన ఆ దినం చాయ్ గిలాస పట్టుకొని గట్లనే కూసున్నడు, తాగలే. సంబంధం పోయింది.

నీ బుక్కుల ఆడపిల్లల వార్తలు ఉంటయి. పురుగుల మందు తాగి చనిపోయినోళ్లయి ఉంటయి. వాళ్ల ఇంటోళ్లు నీ గ్రూపులనే ఉండొచ్చు. లైంగిక దాడి జరిగిన పిల్ల ఎవరో తెలిసేటట్టు బయట పెడితే అది నేరం సుత. జాగ్రత్తలు చెప్పాల్నంటే తాళం ఎప్పుడు పోతాంది, ఏ తొవ్వల పోతాంది రాయి. పేర్లు వద్దు.

పేపర్ ఏజెంట్, భీమారం

చెల్లె మాట నిజం. నాకు ఆ ఆలోచనే తట్టలే, నా తప్పే. పేజీలు పెట్టను. ఏ నెలల ఏం జరుగుతాందో ఒక కాయితం మీద రాసి అది పెడుత, వడ్ల కుప్పల సంగతి అన్నిట్ల పైన రాస్త.

పది రోజులల్ల చేసింది చెప్త. గుమాస్తా తమ్మి చెప్పినట్టు వెబ్‌సైట్ల వెతికిన. మా బిడ్డ ఇంటర్ చదువుతది, ఆమెనే తీసింది. ఎఫ్‌ఐఆర్ దొరికింది. అందుల 304 ఉన్నది, రెండున్నర తులాలనే ఉన్నది. ఫోన్ నంబర్ బొంబాయిల ఉండే కొడుకుది. ఆయనకు ఫోన్ చేస్తే, ఏదో మెసేజ్ వచ్చినట్టు యాదికున్నదన్నడు.

ఎఫ్‌ఐఆర్ నంబర్‌తోని ఈ-కోర్ట్స్‌ల చూస్తే సీసీ నంబర్ పడి ఉన్నది! ముగ్గురి పేర్లున్నయి, వాయిదా వచ్చే నెల ఉన్నది. లెడ్జర్‌ల ఆ ఏడు లైన్ల ముక్క పక్కపొంట ఎర్ర పెన్నుతోని సీసీ నంబర్ రాసిన. ఏడాదిల నేను రాసిన మొదటి ఎర్ర అక్షరం అది. పెద్దమ్మకు చూపెడితే నంబర్ మీద చెయ్యి పెట్టి చూసింది. చదువురాదు ఆమెకు.

వడ్ల కుప్ప పిలగాని ఇంటికి సుత పోయిన. వాళ్ల నాయిన ట్రిబ్యునల్ అనే మాటే ఇనలేదన్నడు. రేపు ఆయనను తీసుకొని అదాలత్‌కు వస్త, నీ జాగ ఎక్కడో చెప్పు తమ్మి.

పెద్దమ్మ దగ్గర బంగారం చీటీ లేదు. ఆ కంసాలాయన కాలం చేసిండు. బిడ్డ పెండ్లి ఫోటో ఒకటున్నది, అందుల తాడు సగమే కనవడుతది, మిగతాది కొంగు కింద ఉన్నది. అది పనికొస్తదా?

గుమాస్తా, అదాలత్

పనికొస్తది, తీసుకరా. ఆ పెండ్లిల పెద్దమ్మ పక్కన నిలబడ్డ ఆడోళ్లు ఎవలన్న ఉంటే ఒకలను తోలుకరా, తాడు గుర్తుపట్టి చెప్పేటోళ్లు కావాలె. పుస్తెల మీద ఏమన్న గుర్తు ఉండెనా, గుండ్లు ఎన్ని, అతుకు ఎక్కడ పెట్టిచ్చిన్రు, ఇవి ఇయ్యాల్నే అడిగి రాసుకో. ఆధార్ కాపీలు రెండు. పిలగాని నాయినను రేపు రమ్మను, ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం కాయితాలు, బండి ఆర్‌సీ ఉంటే పట్టుకరమ్మను. పదిన్నర లోపు వస్తే వకీలు సాబ్ కోర్టుకు ఎక్కకముందు దొరుకుతడు. గేటు లోపల వేపచెట్టు కింద టైపు మిషన్లోళ్లు కూసుంటరు, వాళ్ల వెనుక రేకుల కాడ ఉంట.