అప్‌డేట్: తాతయ్య ఆల్బంలోని 10 రూపాయల గాంధీ స్టాంపు నకిలీదే

1948 ఆగస్టు 15న విడుదలైన 10 రూపాయల గాంధీ స్టాంపు మా తాతయ్య ఆల్బంలో దొరికిందని, అసలుదో కాదో ఎలా తెలుస్తుందని మొన్న అడిగాను కదా. మీరు చెప్పినట్టే చూశాను. అసలుది స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే ప్రెస్‌లో ఫోటోగ్రావ్యూర్ (బొమ్మను లోహపు సిలిండర్ మీద సన్నని గుంటలుగా చెక్కి అచ్చువేసే) పద్ధతిలో అచ్చయింది. స్టాంపు అంచున 2 సెంటీమీటర్లకు పదకొండున్నర పళ్లు ఉండాలి. నా దానికి సరిగ్గా అన్నే వచ్చాయి, ప్రాణం లేచొచ్చింది! కానీ భూతద్దం కింద గాంధీగారి ముఖం మీద నీలం, గులాబీ, పసుపు చుక్కలు విడివిడిగా కనిపించాయి. రెండే రంగుల్లో అచ్చయిన స్టాంపులో అవి ఉండవు. అల్ట్రావయొలెట్ లైటు వేస్తే కాగితం తెల్లగా మెరిసింది, ఆ కాలపు కాగితం అలా మెరవదు. చాలా బాధేసింది. అయినా తాతయ్య ఎంతో ఇష్టంగా దాచుకున్నది, ఆల్బంలోనే ఉంచుతున్నాను. వెనకాల పెన్సిల్‌తో ‘నకిలీ’ అని రాశాను, రేపు ఎవరూ మోసపోకూడదు. ఓపిగ్గా చెప్పిన అందరికీ ధన్యవాదాలు.