పాము మీదికి కుక్క ఉరికింది, పిల్లి కూర్చుని చూసింది: ధైర్యం ఎవరిది?

పెరటితోట:
నిన్న సాయంత్రం పెరట్లో కుండీల వెనక నుంచి పాము వచ్చింది. మా కుక్క అరుచుకుంటూ నేరుగా దాని మీదికే ఉరికింది. పిల్లి మాత్రం నాలుగడుగుల దూరంలో కూర్చుని, మెడ చాచి, తోక కొస ఆడిస్తూ చూస్తూ ఉండిపోయింది. పాము గోడ సందులోకి వెళ్ళిపోయేదాకా కదల్లేదు. కుక్కకున్న ధైర్యం, ఇంటి మీద ప్రేమ పిల్లికి లేవని నేనంటాను. మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

మూడుపిల్లులు:
నేనూ ఒప్పుకోనండి. పిల్లి పారిపోలేదు కదా, పాము మీద నుంచి చూపు తిప్పలేదు. పిల్లి ఒంటరిగా వేటాడే జంతువు. గాయపడితే తిండి తెచ్చిపెట్టే గుంపు దానికి లేదు. పైగా పెద్ద జంతువులకు అదే ఆహారం. అందుకే ముందు దూరం చూసుకుంటుంది, తప్పనిసరైతే పంజాతో ఒక్కటిచ్చి వెనక్కి గెంతుతుంది. కుక్క అలా కాదు. దేన్నయినా ముక్కు పెట్టి చూడాల్సిందే, నోటితో పట్టాల్సిందే. కాటు మూతి మీదే పడుతుంది.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో దీని మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఈస్టర్న్ బ్రౌన్ అనే విషసర్పం కాటేసి, విరుగుడు మందు అందనప్పుడు పిల్లుల్లో 66 శాతం బతుకుతాయి, కుక్కల్లో 31 శాతమే. ఆ విషం కుక్క రక్తం మీద చాలా వేగంగా పనిచేస్తుందట.

పెరటితోట:
సరే, తెలివి పిల్లిదే. కానీ కుక్క అరవకపోతే నేను బయటికి వచ్చేదాన్నే కాదు. ఆ విలువ ఎక్కడికి పోతుంది?

రాత్రికాపలా:
ఎక్కడికీ పోదమ్మా. అరుపు వరకే దాని పని అనుకోండి. ఆ తర్వాతది మన పని. ఈ మాట బాధతో చెబుతున్నాను. మా కుక్క పొద దగ్గర మొరుగుతుంటే "ఉస్కో" అన్నది నేనే. మూతి మీద రెండు గాట్లు, గంటలో కన్ను మూసుకుపోయేంత వాపు. డాక్టర్ దగ్గరికి వెంటనే తీసుకెళ్ళాం కాబట్టి దక్కింది.

ఆఫ్రికాలోని నమీబియాలో 1994 నుంచి చీతాల బారి నుంచి మేకలను కాయడానికి అనటోలియన్ షెపర్డ్ అనే కాపలా జాతి కుక్కలను రైతులకు ఇస్తున్నారు. అవి మందకూ చీతాకూ మధ్య నిలబడి గట్టిగా మొరుగుతాయి. గాయపడితే చీతాకు వేట సాగదు, అందుకే చాలావరకు తప్పుకుంటుంది. అయితే ఆ జాతే వేరు, కూనప్పటి నుంచే మేకల మధ్య పెరుగుతాయి. మన పెంపుడు కుక్క అలాంటిది కాదు. చిరుతపులికి అది ఆహారం. ఎలుగుబంటిని రెచ్చగొట్టి, భయపడి, దాన్ని వెంటేసుకుని యజమాని దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. వీపు మీద వెంట్రుకలు లేచి, తోక ముడిచి, వెనక్కి జరుగుతూ మొరుగుతోందంటే అది భయం. అప్పుడు ఉసిగొల్పకూడదు, లోపలికి పిలవాలి.

పెరటితోట:
నిన్న మా కుక్క సరిగ్గా అలాగే ఉంది. ముందుకి రెండడుగులు, వెనక్కి మూడు. నేనే ధైర్యం అనుకున్నాను. ఇవాళ్టి నుంచే పిలవగానే వచ్చేలా అలవాటు చేస్తాను.

మూడుపిల్లులు:
ఒక్క మాట అడుగుతాను. కుండీల వెనక ఎలుకలేమైనా ఉన్నాయా? పాము వాటి కోసమే వచ్చి ఉంటుంది. మీ పిల్లి అంతకుముందు కూడా ఆ చోటే చూస్తూ కూర్చుందా?

పెరటితోట:
మూడు రోజులుగా అక్కడే కూర్చుంటోందండి. ఎండ కోసమేమో అనుకున్నాం.