యూత్ లీడర్‌షిప్ స్పీచ్ కాంపిటీషన్‌కి ఎలా ప్రిపేర్ అవ్వాలి? అన్నలూ అక్కలూ చెప్పండి ప్లీజ్

దిల్‌సుఖ్‌నగర్_డిగ్రీ:
అందరికీ నమస్తే. డిగ్రీ సెకండియర్, టెన్త్ దాకా తెలుగు మీడియమే. వచ్చే నెల ఇంటర్ కాలేజ్ యూత్ లీడర్‌షిప్ కాంపిటీషన్ ఉంది, మా మేడమ్ నన్నడగకుండానే నా పేరు ఇచ్చేశారు. "నాయకత్వం - యువత" మీద 5 నిమిషాల స్పీచ్, తర్వాత అక్కడికక్కడే చీటీ తీసి 2 నిమిషాలు మాట్లాడాలంట. తెలుగైనా ఇంగ్లీషైనా ఓకే అన్నారు. స్పీచ్ రాశా, వివేకానందుడు, కలాం గారు, ఇనుప కండరాలు ఉక్కు నరాలు అన్నీ పెట్టా, బట్టీ కూడా పట్టా కానీ మధ్యలో ఒక్క లైన్ జారితే తర్వాతదంతా మాయం. ఇంగ్లీష్‌లో చెప్తే మార్కులు ఎక్కువ పడతాయా? చీటీ రౌండ్ తల్చుకుంటేనే చెమటలు పడుతున్నాయి.

ట్యాంక్‌బండ్_బాతాఖానీ:
తమ్మీ, ముందుగాల ఆ బట్టీ బంద్ చెయ్. ఇనుప కండరాలు నీ ముందు పది మంది చెప్తరు నీ తర్వాత పది మంది చెప్తరు, జడ్జీలు అప్పటికే ఫోన్లు చూస్తుంటరు. వివేకానందుడే కావాలంటే మన ఊరి ముచ్చట చెప్పు. చికాగో సభ 1893 సెప్టెంబర్ల అయింది గదా, అదే ఏడు ఫిబ్రవరి 13న ఆయన మన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజ్‌ల మాట్లాడిండు, పడమటి దేశాలకు ఎందుకు పోతున్ననో అనేదే ఆ రోజు టాపిక్కు. ఇట్ల చెప్తే హాల్ల కూసున్న హైదరాబాదోళ్లు తల లేపి చూస్తరు.

గచ్చిబౌలి_అక్క:
మహబూబ్ కాలేజ్ పాయింట్ బాగుంది కానీ దానికి అర నిమిషం చాలు. మిగతా టైమంతా నువ్వు కళ్లారా చూసిన ఒక్క విషయం మీద నిలబడు, నీ ఇంటి ముందు జరిగింది చెప్పడానికి బట్టీ అక్కర్లేదు కదా. మొదటి రెండు వాక్యాలు, ఆఖరి వాక్యం మాత్రం నోటికి వచ్చేలా ఉంచుకో, మధ్యలోవి నాలుగు ముక్కలు అరచేతంత కాగితం మీద రాస్కుంటే సరిపోద్ది. మా ఆఫీస్ టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌లో (నలుగురి ముందు మాట్లాడటం ప్రాక్టీస్ చేసే క్లబ్ లే) 5 నుంచి 7 నిమిషాల స్పీచ్‌కి ఐదో నిమిషంలో గ్రీన్, ఆరుకి పసుపు, ఏడుకి రెడ్ లైట్ వేస్తారు, కాంటెస్ట్‌లో అయితే ఏడున్నర దాటితే ఎంత బాగా మాట్లాడినా అవుట్. కాబట్టి మీ రూల్స్‌లో టైమ్ దాటితే ఏం చేస్తారో ముందే కనుక్కో, ఇంట్లో నాలుగున్నరకి ఆపడం అలవాటు చేస్కో, స్టేజీ మీద చప్పట్లూ నవ్వులూ కూడా టైమ్ తింటాయి. 18 దాటితే చాలు, మీటింగ్‌కి గెస్ట్‌గా వచ్చి కూర్చోవచ్చు, ముందు ఒక మెసేజ్ పెట్టి రా. అక్కడ ఒకరి పనల్లా ఎవరు ఎన్నిసార్లు "ఆ.. అంటే.. సో" అన్నారో లెక్కపెట్టడమే, వింటే నీకే నవ్వొస్తుంది.

సిటీబస్_విండోసీట్:
భాష సంగతి, నీకు కోపం ఏ భాషలో వస్తే ఆ భాషలో మాట్లాడు. అరువు ఇంగ్లీష్‌తో వణికే కంటే ఇది నయం. చీటీ రౌండ్‌కి ఇంట్లో వాళ్లతో టాపిక్‌లు రాయించి ఒక డబ్బాలో వెయ్, అన్నం తిన్నాక రోజుకొకటి తియ్. చీటీ చూడగానే నోరు తెరవకు, ఒక ఊపిరి తీస్కో, అవునో కాదో తేల్చుకో, ఒక ఉదాహరణ చెప్పు, ఆపెయ్. అటూ కరెక్టే ఇటూ కరెక్టే అంటూ పోతే ఎక్కడికీ చేరవు.

దిల్‌సుఖ్‌నగర్_డిగ్రీ:
థాంక్యూ సో మచ్ అందరికీ. (బాతాఖానీ అన్నా, నేను తమ్మిని కాదు చెల్లెల్ని 😄) అక్కా, మా గల్లీకి ఎండాకాలం వాటర్ ట్యాంకర్ వస్తే బిందెల దగ్గర రోజూ లొల్లే, నేను గోడ మీద చాక్‌పీస్‌తో ఇంటి నంబర్లు రాసి వంతులు పెట్టా. మరీ చిన్న విషయం కదా, లీడర్‌షిప్ కిందికి వస్తుందా?

ట్యాంక్‌బండ్_బాతాఖానీ:
సారీ చెల్లె. ట్యాంకర్ కాడ పెద్దమ్మలను లైన్ల నిలబెట్టినవంటే కార్పొరేటర్‌కు గూడ కాదు ఆ పని!

గచ్చిబౌలి_అక్క:
అదే నీ స్పీచ్. సభకు నమస్కారం అనగానే నేరుగా ట్యాంకర్ హారన్ దగ్గర మొదలుపెట్టు. అందరికంటే ముందు వంతు ఎవరికిచ్చావు, దానికి ఎవరు ఒప్పుకోలేదు, వాళ్లతో ఏమన్నావు? జడ్జీలు కూడా అదే అడుగుతారు. ఇక్కడే రాసి పెట్టు, రాత్రికి చూసి చెప్తా.