రెండు కార్డుల బాకీ, ఒక పర్సనల్ లోన్: నెలకు 8,000 అదనంగా వస్తే ముందు దేనికి కట్టాలి?

ప్రశ్న (తీర్చేద్దాం):

అందరికీ నమస్కారం. నా లెక్కలు ఇవి.

మొదటి కార్డు బాకీ 1,20,000, వడ్డీ నెలకు నూటికి మూడున్నర. రెండో కార్డు బాకీ 50,000, నెలకు నూటికి మూడు. రెండింటికీ మినిమమ్ డ్యూ (నెలనెలా తప్పనిసరిగా కట్టాల్సిన కనీస మొత్తం) బాకీలో 5 శాతం. పర్సనల్ లోన్ ఇంకా 2,00,000 ఉంది. ఏడాదికి 14 శాతం, 30 ఈఎంఐలు మిగిలాయి, ఒక్కోటి 7,940.

ఇంటి ఖర్చులు పోను అప్పులకు నెలకు 22,000 తీయగలను. శని, ఆదివారాల్లో ఏదైనా పని చేస్తే ఇంకో 8,000 వస్తుందని అంచనా. వడ్డీ ఎక్కువున్న కార్డు ముందు తీర్చాలా, చిన్న బాకీ ముందు తీర్చాలా? తీరాక కార్డులు మూసేయడం మంచిదేనా? వారాంతపు పనుల్లో ఏది నయం? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (వడ్డీలెక్క):

మీ అంకెలతోనే లెక్క వేశాను. ఇకమీదట కార్డులు గీకరని, వడ్డీ నెలకోసారి పడుతుందని, మినిమమ్ ఇప్పుడున్నంతే కడుతూ పోతారని అనుకున్నాను. వడ్డీ మీద పన్ను పడే చోటైతే మొత్తాలు కొంచెం పెరుగుతాయి.

30,000లో ఈఎంఐ పోతే కార్డులకు 22,060 మిగులుతుంది. ఎక్కువ వడ్డీ కార్డు ముందు అనుకుంటే రెండోదానికి మినిమమ్ 2,500, మిగతా 19,560 మొదటిదానికి. ఎనిమిదో నెలలో మొదటిది తీరుతుంది, పదో నెలలో ఓ 700 కడితే రెండోదీ తీరుతుంది. మొత్తం వడ్డీ సుమారు 29,200.

చిన్న బాకీ ముందు అనుకుంటే మొదటిదానికి 6,000, రెండోదానికి 16,060. రెండోది నాలుగో నెలలోనే తీరుతుంది, మొదటిది పదో నెలలో. మొత్తం వడ్డీ సుమారు 30,900.

అంటే ఏది ముందన్న దాని మీద తేడా 1,600 చిల్లర మాత్రమే. రెండు వడ్డీలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఇంత తక్కువ. ఒకటి నూటికి మూడున్నర, ఇంకోటి ఒకటి అయ్యుంటే తేడా బాగా కనిపించేది. ఇప్పుడు ఆ 8,000 తీసేసి చూడండి. ఉన్న 22,000తోనే, ఎక్కువ వడ్డీ కార్డు ముందు తీర్చుకుంటూ పోతే పదహారు నెలలు పడుతుంది, వడ్డీ 50,600 దాకా అవుతుంది. అదనపు సంపాదన మీకు 21,400 వడ్డీ, ఆరు నెలల కాలం మిగులుస్తోంది. మీ బుర్ర అంతా దాని మీద పెట్టండి.

ఇక మినిమమ్ మాత్రమే కడుతూ పోతే ఏమవుతుందో కూడా చూడండి. మొదటి కార్డుకు 6,000 కడితే అందులో 4,200 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 1,800. పైగా బాకీ తగ్గే కొద్దీ మినిమమ్ కూడా తగ్గుతుంది. ఏడాదిలో 66,000 పైన కట్టాక కూడా బాకీ లక్ష దగ్గరే ఉంటుంది. అందుకే స్టేట్‌మెంట్‌లో ఎంత వచ్చినా, ఇవాళ నిర్ణయించుకున్న మొత్తం తగ్గించకుండా కట్టండి.

నన్నడిగితే చిన్న కార్డే ముందు తీర్చమంటాను. 1,600 ఎక్కువైనా, నాలుగో నెల తర్వాత తప్పనిసరిగా కట్టాల్సిన వాటిలో ఒకటి తగ్గుతుంది. పని దొరకని నెల వస్తే అది పెద్ద ఊరట.

జవాబు (గడువుతేదీ):

వడ్డీలెక్క గారి లెక్క సరిగ్గా ఉంది. కానీ అదంతా ఒక్క షరతు మీద నిలబడింది: కార్డు గీకకూడదు. ఎందుకో చెప్తాను.

కార్డుకు వడ్డీ లేని గడువు ఉంటుందని మనం అనుకునేది పాత బాకీ మొత్తం కట్టేసినవాళ్లకే. ఒక్క నెల బాకీ మిగిల్చినా, చాలా కార్డుల్లో కొత్తగా కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మీ మొదటి కార్డు మీద 3,000 పెట్టి ఏదైనా కొంటే రోజుకు 3.45 చొప్పున 28 రోజులకు 97 దాకా వడ్డీ. రివార్డ్ పాయింట్లు ఎన్ని ఇచ్చినా దీనికి చాలవు. ఫోన్ బిల్లు, ఓటీటీ, ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటివి ఆటోమేటిగ్గా కార్డు మీద పడుతుంటే ఈ వారమే బ్యాంకు ఖాతాకు మార్చండి. యాప్‌లలో, బ్రౌజర్‌లో సేవ్ చేసిన కార్డు నంబర్లు తీసేయండి.

వడ్డీ రోజువారీ బాకీ మీద లెక్కిస్తారు. కాబట్టి అదనపు డబ్బు చేతికొచ్చిన రోజే కట్టండి, గడువు తేదీ దాకా ఖాతాలో ఉంచొద్దు. 8,000ను 20 రోజులు ముందు కడితే మొదటి కార్డు మీద 184 మిగులుతుంది. నెలనెలా ఇది ఊరికే వచ్చే డబ్బు.

ఇక్కడే ఒక చిక్కుంది, చాలామంది దీని దగ్గరే ఫైన్ కడతారు. మీ స్టేట్‌మెంట్ 5వ తేదీన వస్తుందనుకోండి. 3వ తేదీన 10,000 కట్టారు. బాకీ తగ్గుతుంది, వడ్డీ తగ్గుతుంది. కానీ 5న వచ్చే స్టేట్‌మెంట్‌లో మినిమమ్ డ్యూ కొత్తగా పడుతుంది, 3న కట్టినది దానికి జమ కాదు. మొన్ననే కట్టాం కదా అని వదిలేస్తే లేట్ ఫీజు పడుతుంది, క్రెడిట్ రికార్డు మీద మచ్చ కూడా. దీనికి మందు: రెండు కార్డులకూ మినిమమ్‌కు ఆటోపే పెట్టేయండి, ఆపైన కట్టేది చేత్తో కట్టుకోండి. ఆటోపే తేదీకి ముందురోజు ఖాతాలో డబ్బు ఉందో లేదో చూసుకోండి. బౌన్స్ అయితే బ్యాంకు ఛార్జీ ఒకటి, కార్డు ఛార్జీ ఒకటి, రెండూ పడతాయి.

కార్డుతో ఏటీఎంలో నగదు తీసి ఇంకో కార్డుకు కట్టే ఆలోచన ఉంటే మానుకోండి. తీసినప్పుడు ఫీజు పడుతుంది, వడ్డీ ఆ రోజు నుంచే నడుస్తుంది.

పూర్తి వేగంతో కట్టడం మొదలుపెట్టే ముందు ఒక నెల మినిమమ్‌లు, ఈఎంఐ కలిపి 16,500 దాకా పక్కన పెట్టుకోండి. సేవింగ్స్ ఖాతాలో దానికి వచ్చే వడ్డీ ఏ మూలకూ రాదు, నిజమే. కానీ అది లేకపోతే బండి రిపేరో ఆసుపత్రి ఖర్చో వచ్చిన రోజు మళ్లీ కార్డే గీకుతారు. అంతకు మించి మాత్రం దాయొద్దు, నూటికి మూడున్నర బాకీ నెత్తిన పెట్టుకుని.

తీర్చేద్దాం:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఆటోపే ఇవాళే పెడతాను. ఇంకో సందేహం. మొదటి కార్డు బ్యాంకువాళ్లు 1,20,000ను 12 నెలల ఈఎంఐగా మారుస్తామంటున్నారు, వడ్డీ 12 శాతం ఫ్లాట్. ఇంకో చోట అదే మొత్తం 12 నెలలకు లోన్ ఇస్తామంటున్నారు, కానీ 16 శాతం, తగ్గే బాకీ మీద. ప్రాసెసింగ్ ఫీజు రెండు చోట్లా 2 శాతం. 12 శాతమే తీసుకోవాలి కదా?

జవాబు (వడ్డీలెక్క):

కాదు, 16 శాతమే చవక.

ఫ్లాట్ అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, ఏడాది పొడవునా మొత్తం 1,20,000 మీదే వడ్డీ. వడ్డీ 14,400, నెలకు 11,200. తగ్గే బాకీ లెక్కలో చూస్తే ఇది 21 శాతం పైమాటే. రెండోది నెలకు సుమారు 10,890, మొత్తం వడ్డీ 10,650. ఫీజు 2,400 రెండింటికీ సమానమే.

ఇది మీ మొత్తం ప్లాన్‌ను కూడా మారుస్తుంది. 16 శాతం లోన్‌తో మొదటి కార్డు తీర్చేస్తే, 22,060లో దాని ఈఎంఐ పోను 11,170 రెండో కార్డుకు వెళ్తుంది. ఐదు నెలల్లో అది తీరుతుంది, దాని వడ్డీ 4,500. లోన్ వడ్డీ, ఫీజు, ఇది అన్నీ కలిపి 17,600 లోపు; కార్డుల మీదే ఉంచి తీరిస్తే 29,200 కదా. ఫ్లాట్ ఈఎంఐతో వెళ్తే 21,400 అవుతుంది. ఏది ముందన్న ప్రశ్న కూడా పోయింది, ఇప్పుడు ఎక్కువ వడ్డీదీ చిన్నదీ ఒకటే కార్డు.

సంతకం పెట్టే ముందు మూడు అడగండి. ముందే తీరిస్తే ఛార్జీ ఎంత? ఫీజు లోన్‌లోంచి కోసుకుంటారా? కోసుకుంటే చేతికొచ్చేది 1,17,600 మాత్రమే, మిగతా 2,400 మీరే కార్డుకు కట్టాలి, లేకపోతే ఆ తోక మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. లోన్‌తోపాటు ఇన్సూరెన్స్ కట్టబెడుతున్నారా? అక్కర్లేకపోతే వద్దని రాతపూర్వకంగా చెప్పండి.

పెద్ద ప్రమాదం తర్వాత వస్తుంది. కార్డు బాకీ సున్నా అయి, లిమిట్ మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. అప్పుడు గీకడం మొదలైతే లోనూ ఉంటుంది, కార్డు బాకీ కూడా మళ్లీ పెరుగుతుంది. లోన్ డబ్బు కార్డుకు చేరిన రోజే లిమిట్ తగ్గించమని అడగండి. యాప్‌లో ఆన్‌లైన్ వాడకం ఆపేసే స్విచ్ ఉంటే అది కూడా ఆపండి.

జవాబు (శనాదివారం):

పని సంగతి నేను చెప్తాను. 8,000 అన్నది చేతికి మిగిలేదా, వచ్చేదా? అది ముందు తేల్చుకోండి.

డెలివరీ పనిలో పెట్రోలు, టైర్లు, సర్వీసింగ్, డేటా అన్నీ మీవే. ఆర్డరు కోసం ఎదురుచూసిన గంటలకు ఎవరూ డబ్బివ్వరు. ట్యూషన్‌లో గంట పాఠానికి ప్రిపరేషన్ అరగంట, రానుపోను అరగంట వేసుకుంటే అది రెండు గంటల పని. ఏ పనైనా వచ్చిన మొత్తంలోంచి ఖర్చులు తీసేసి, బయల్దేరిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా ఉన్న గంటలతో భాగించండి. అప్పుడు పనుల మధ్య అసలు తేడా తెలుస్తుంది. ఆదాయపు పన్ను పడేటట్టయితే దాని వాటా విడిగా పెట్టండి, కార్డుకు కట్టేయొద్దు.

నా వరుస ఇది. ఉన్న ఉద్యోగంలో ఓవర్‌టైమ్ దొరికితే అదే అన్నిటికన్నా మేలు. కొత్త పెట్టుబడి లేదు, డబ్బు జీతంతోనే వస్తుంది. తర్వాత మీకు ఇప్పటికే చేతనైన పని: చిన్న దుకాణాలకు లెక్కలు రాయడం, ట్యూషన్, అనువాదం, డిజైన్. డెలివరీ ఆ తర్వాతే, అది కూడా బండి ఇప్పటికే ఉంటేనే. దానికోసం ఈఎంఐలో బండి కొనడం వద్దే వద్దు. బయటి పని చేయకూడదని మీ ఉద్యోగ ఒప్పందంలో ఉందేమో ముందే చదవండి.

ఫ్రీలాన్స్ పనిలో చిక్కు, డబ్బు ఆలస్యంగా రావడం. ఈ నెల చేసిన పనికి వచ్చే నెలాఖరుకు డబ్బొచ్చినా ఆశ్చర్యం లేదు. మూడో వంతైనా అడ్వాన్సు అడగండి, డబ్బు ఇచ్చే తేదీ మెసేజ్‌లో రాయించుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ 8,000ను నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోకండి. పైన చెప్పిన లోన్ ఈఎంఐ 10,890, పాత ఈఎంఐ 7,940, రెండో కార్డు మినిమమ్ 2,500 కలిపితే 21,330. మీ 22,000లో సరిపోతుంది, కాబట్టి ఫరవాలేదు. అంతకు మించిన ఈఎంఐ అయితే వద్దు.

పని ఇస్తామని రిజిస్ట్రేషన్ ఫీజో డిపాజిట్టో అడిగితే అది మోసం. వీడియోలకు లైకులు కొడితే, రేటింగులు ఇస్తే డబ్బు అని మొదట చిన్న మొత్తం నిజంగానే వేస్తారు, తర్వాత పెద్ద టాస్క్‌కు మీ చేత డబ్బు వేయిస్తారు, అది తిరిగి రాదు. మీ బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే కమీషన్ ఇస్తామన్నవాళ్ల జోలికి అసలు పోవద్దు. అది దొంగసొమ్ము దాటించే దారి, కేసు మీ మీదికే వస్తుంది.

జవాబు (గడువుతేదీ):

కార్డులు మూసేయడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. వార్షిక ఫీజు లేని పాత కార్డు ఒకటి ఉంచుకోండి. రెండూ మూస్తే మీకు కార్డు లిమిట్ అంటూ ఏమీ మిగలదు, క్రెడిట్ స్కోరు కొంత తగ్గొచ్చు. కానీ కార్డు చేతిలో ఉంటే గీకకుండా ఉండలేమనిపిస్తే మూసేయండి, స్కోరు తర్వాత కోలుకుంటుంది.

ఎప్పుడైనా మినిమమ్ కూడా కట్టలేని పరిస్థితి వస్తే గడువు దాటకముందే బ్యాంకుకు ఫోన్ చేసి వాయిదాలు తగ్గించమని అడగండి. కట్టడం ఆపేయండి, మేం సెటిల్ చేస్తాం అని ముందే ఫీజు తీసుకునే మధ్యవర్తుల మాట వినొద్దు. బ్యాంకు అసలుకన్నా తక్కువకు ఒప్పుకున్నా రికార్డులో పూర్తిగా తీర్చినట్టు రాయరు, సెటిల్ అయినట్టు రాస్తారు. కొత్త అప్పు అడిగిన చోట అది ఏళ్ల తరబడి అడ్డొస్తుంది.

చివరిగా, లోన్ డబ్బుతో మొదటి కార్డు తీర్చేటప్పుడు స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకె కట్టి ఊరుకోకండి. స్టేట్‌మెంట్ తేదీ నుంచి మీరు కట్టిన రోజు దాకా నడిచిన వడ్డీ తర్వాతి నెలలో పడుతుంది. 1,20,000 మీద పది రోజులకే 1,380 అవుతుంది. తీర్చేశాం కదా అని స్టేట్‌మెంట్ తెరవకపోతే దాని మీద లేట్ ఫీజు పడుతుంది. కట్టే రోజున కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆ రోజుకు పూర్తిగా తీరడానికి ఎంత కట్టాలో అడిగి అదే కట్టండి, తర్వాత వరుసగా రెండు స్టేట్‌మెంట్లు సున్నా వచ్చేదాకా చూడండి. మూసేస్తున్నట్టయితే బాకీ లేదన్న లెటర్ తీసుకుని దాచుకోండి.